అమ్మమ్మ గుడారంలో యాభై రెండు ముక్కలు

"బుర్రలోకి ఇన్నేసి కుక్కితే ఏదో ఒక రోజు అన్నీ ఒలికిపోతాయే! అమ్మమ్మను చూడు. ఏడు నెలలుగా మాటా లేదు, పలుకూ లేదు. రేపు నీకూ అలా అయితే నేనేం కావాలి?" అంది ఉర్నా.

"అమ్మమ్మకి వచ్చింది పక్షవాతమమ్మా. పేకముక్కలు గుర్తుపెట్టుకుంటే రాదది," అంది నందిన్ కళ్లు తిప్పుతూ. "కట్ట పట్టుకో. ఒక్కోటే చూపించు."

మర్నాడే పదకొండేళ్ల నందిన్‌కి ఉలాన్‌బాతర్ నగరంలో బడిపిల్లల జ్ఞాపకశక్తి పోటీ. కలిపేసిన పేక ఒక్కసారి చూసి, వరస తప్పకుండా అంతా అప్పజెప్పాలి. కిటికీ దగ్గర కుర్చీలో ఆ అమ్మమ్మే, దుల్మా అవ్వ, కూర్చుని ఉంది. చేతిలో ఉప్పు టీ చల్లారిపోయింది.

ఇంతలో ఫోను మోగింది. ఉర్నా తమ్ముడు దొర్జ్.

"అక్కా, టూరిస్టు క్యాంపువాళ్లు లారీ తెచ్చారు. అమ్మ గుడారం వాళ్లకి అమ్మెయ్యనా? మడిచి నా దొడ్లో పెడితే ఎలుకలు కొరికేస్తున్నాయి."

"ఆగరా. అమ్మ బతుకంతా గడిచిన ఇల్లది, ప్రాణమంతా దాని మీదే కదా. తెలిస్తే ఏమైపోతుందో!"

"అమ్మకి ఇంకేం తెలుస్తుందక్కా? గుర్తుందని ఒక్క మాట చెప్పు, లారీ వెనక్కి పంపేస్తా. అరగంటలో మళ్లీ చేస్తాను."

ఉర్నా వెళ్లి తల్లి చెవి దగ్గర వంగింది. "అమ్మా, నీ గుడారం గుర్తుందా?"

అవ్వ కిటికీలోంచి పొగగొట్టాల వైపు చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, రావేం? టైమైపోతోంది!" అని అరిచింది నందిన్.

ఉర్నా కళ్లు తుడుచుకుని కట్ట తీసుకుంది. "ఇన్ని ముక్కలూ ఎక్కడ పెడతావే నీ చిన్న బుర్రలో?"

"అమ్మమ్మ గుడారంలో. బాగా తెలిసిన ఇల్లు ఒకటి ఊహించుకుని, అందులో వస్తువుల మీద వరసగా ముక్కలు పెట్టుకుంటూ నడవమంది మా టీచరు. ఈ ఫ్లాట్‌లో ఏముంది, గోడలు తప్ప? నువ్వు చూపించు, నేను పైకే చెప్పుకుంటూ పెడతాను."

ఉర్నా ఒక్కో ముక్కా చూపిస్తూ పోయింది. గుమ్మం మీద రెండు ఆఠీను. లోపలికి వెళ్లగానే ఎడమ పక్కన జీను, దాని మీద కళావరు ఆసు సవారీ. గుర్రపు పాలు పులియబెట్టే తోలుసంచి దగ్గర ఇస్పేటు రాజు కవ్వం పట్టుకుని చిలుకుతున్నాడు, మీసాల నిండా నురుగు.

ఉర్నాకు నవ్వొచ్చింది. ఆ కవ్వం తను ఎన్ని వేసవులు తిప్పిందో! వచ్చేపోయే ప్రతివాడూ నాలుగు తిప్పులు తిప్పాల్సిందే, లేకపోతే అమ్మ పాలగిన్నె అందించేది కాదు. ఎదురుగా నారింజరంగు పెట్టెలు, వాటి మీద నాన్న ఫొటో. కుడి వైపుకి వస్తే అమ్మ మంచం. దాని మీదే తను పుట్టింది. బయట మంచుగాలి ఊళ పెడుతుంటే, లోపల పిడకల పొయ్యి వెచ్చదనంలో అమ్మ వీపుకి అతుక్కుని పడుకోవడం... ఆ పైన కూతురు ఏ ముక్క ఎక్కడ పెట్టిందో ఉర్నా చెవికెక్కలేదు.

"అయిపోయాయి. కట్ట మొదటి నుంచి పట్టుకో, చెబుతాను," అంది నందిన్. కళ్లు మూసుకుని గుమ్మం దగ్గర మొదలుపెట్టింది. ఒక్కటీ తప్పలేదు. జీను, తోలుసంచి, పెట్టెలు దాటింది. మంచం మీద నాలుగు ఇస్పేటు కూడా చెప్పింది.

అక్కడ ఆగిపోయింది.

"పాలబిందెలో కళావరు జాకీ... కాదు, దాని ముందు ఇంకోటుంది. ఏదమ్మా అది?"

ఉర్నా చేతిలో ముక్క తిప్పి చూసింది. ఏడు డైమను. 'అయిపోయింది, రేపు వేదిక మీదా ఇంతే, అందరి ముందూ బిక్కమొహం వేస్తుంది' అనుకుంది.

అప్పుడే ఫోను మళ్లీ మోగింది. చేతిలో కట్ట ఉండడంతో ఉర్నా స్పీకరు నొక్కింది.

"అక్కా, లారీవాడు హారన్ మోత మోగిస్తున్నాడు. చెప్పు, అమ్మకి ఏమైనా గుర్తుందా లేదా?"

ఉర్నా తల్లి వైపు చూసింది. "ఒక్క నిమిషం ఆగరా," అంది.

నందిన్ కళ్లు తెరవలేదు. "వెనక్కి నడిచి వెతుకుతాను. పాలబిందె... అలమర... మంచం... పెట్టెలు..." అంటూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది.

ఫోనులో లారీ హారన్ మళ్లీ మోగింది.

"నా ఇంట్లో ఎదురు నడకేమిటే పిల్లా, పొద్దు తిరిగే వైపే తిరగాలని తెలీదూ?" కిటికీ దగ్గర నుంచి బొంగురుగా, తడబడుతూ ఒక గొంతు వినిపించింది. "ఏడు డైమను... అలమరలో పెరుగుకుండ మూత కింద పెట్టావు."