అరుంధతి పేరు మీద

భార్య హ్యాండ్‌బ్యాగు భుజాన తగిలించుకుని సుధాకరరావు ఫుట్‌పాత్ మీద నిలబడ్డాడు.

అమెరికా వీసా ఆఫీసులోకి ఫోను రానివ్వరు. అందుకని అరుంధతి బ్యాగూ ఫోనూ ఆయనకే అప్పజెప్పి, పాస్‌పోర్టూ కాగితాలూ పట్టుకుని లోపలికి వెళ్లింది.

వెళ్లి చాలాసేపయింది. సింగపూర్ ఎండ మాడ్చేస్తోంది.

డాలస్‌లో ఉన్న ఆమె అక్క తారాదేవి విషయంలో డాక్టర్లు చేతులెత్తేశారు. తల్లి పోయాక అరుంధతికి జడలు వేసి, అన్నం కలిపి పెట్టి పెంచింది ఆ అక్కే. ఒక్కసారి చూసొస్తే చాలు, ఇంక జన్మలో మిమ్మల్నేమీ అడగనని అరుంధతి నెల రోజులుగా అంటోంది.

ఊరికే నిలబడటం సుధాకరరావుకి చేతకాదు. తన ఫోను తీసి ఫేస్‌బుక్ తెరిచాడు.

అమెరికా రాజకీయాల మీద ఆయన రాయని రోజు లేదు. ఏ పార్టీ గద్దెనెక్కినా ఆ ప్రభుత్వం మనుషుల వంటింట్లోకి చొరబడుతోందని ఆయన బాధ. విమానాశ్రయంలో జనం ఫోన్లు తెరిచి చూడటానికి వాళ్లెవరని నిలదీసేవాడు. అమెరికాలో ఒక్క పూట కూడా ఉన్న మనిషి కాదు, అది వేరే సంగతి.

తను ఉండే బుకిట్ పంజాంగ్ బ్లాకులో లిఫ్టు మొరాయిస్తే మాత్రం టౌన్ కౌన్సిల్‌కి ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. "మనకెందుకొచ్చిన గొడవ" అంటూ రొప్పుకుంటూ మెట్లెక్కేవాడు.

ఇప్పుడు మాత్రం వేళ్లు ఆగలేదు.

'చావుబతుకుల్లో ఉన్న తోబుట్టువుని చూసుకోవడానికి కూడా వీళ్ల దయ కావాలట! ఏ ప్రభుత్వానికైనా ఇంత పెత్తనమా?'

అలా పెట్టాడో లేదో సింగపూర్ ఆ చివర పాసిర్ రిస్ నుంచి స్నేహితుడు పరంధామయ్య అందుకున్నాడు. 'రావుగారూ, కడిగిపారేశారు!'

సుధాకరరావుకి ప్రాణం లేచొచ్చింది.

పైన పేరు మాత్రం అరుంధతిది. ఎప్పుడో కూతురు కీర్తిక తల్లి కోసం తెరిచిన అకౌంటది. చుట్టాల పెళ్లి ఫొటోలు నాలుగు చూసి అరుంధతి వదిలేసింది. ఖాళీగానే ఉంది కదా అని సుధాకరరావు అందులో కాపురం పెట్టాడు. పేరు ఎవరిదైతేనేం, రాసేదెవరో తెలిసినవాళ్లందరికీ తెలుసు.

వీసా దరఖాస్తు నింపేటప్పుడు కీర్తిక తన సింగపూర్ యాసలో అడిగింది కూడా.

"సోషల్ మీడియా అడుగుతున్నారు నాన్నా. అమ్మ పేరు మీదుంది కదా, పెట్టాలి లాహ్. హైడ్ చేస్తే ప్రాబ్లం."

"పెట్టెయ్. దాచుకోవడానికి మనకేముంది?" అన్నాడు దర్జాగా. ఆ రాతలన్నీ భార్య పేరున ఉన్నాయన్న సంగతే ఆయనకి తట్టలేదు.

గేటు తెరుచుకుంది. అరుంధతి బయటికొచ్చింది.

పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉంది.

వీసా ఇస్తే పాస్‌పోర్టు లోపలే ఉంచుకుంటారని తెలియని తెలుగువాళ్లు ఉండరు.

అరుంధతి తన బ్యాగు తను తీసుకుంది. బస్టాపు వైపు నడిచింది. ఆయన వెనకాలే వెళ్లాడు.

"ఏవన్నారు?"

"కాసేపు కూర్చోనివ్వండి."

బెంచీ మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"అక్క గురించి అడుగుతారని ఆసుపత్రి కాగితాలన్నీ వరసగా పెట్టుకున్నానండీ. ఆ ఆఫీసరు అవి ముట్టుకోనేలేదు. మీరు రాసినవన్నీ ఇంగ్లీషు చేసి పెట్టుకున్నారు. ఒక్కోటీ చదివి, ఇది నువ్వే రాశావా అనడిగాడు."

"నేను రాశానని చెప్పకపోయావా!"

"చెప్పాను. ఇవి నా అభిప్రాయాలు కావు, మా ఆయనవి అన్నాను."

"మరి?"

"అయితే నీ అభిప్రాయం ఏంటన్నాడు."

బస్సు వచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. బస్సు వెళ్లిపోయింది.

"నువ్వేం చెప్పావు?"

"నాకేం తట్టలేదండీ. ఇన్నాళ్లూ నన్నెవరూ అడగలేదు కదా. అలా చూస్తూ నిలబడిపోయాను. ఏదో దాస్తున్నాననుకున్నాడు."

సుధాకరరావుకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మళ్లీ అప్లై చేద్దామన్నాడు. ఆ అకౌంటు ఇప్పుడే తీసిపారేస్తానన్నాడు. తీస్తే ఏమవుతుందో, ఉంచితే ఏమవుతుందో ఆయనకే తెలీదు.

"అప్పటిదాకా అక్క ఉంటుందా?" అంది అరుంధతి.

లోకంలో ప్రతి ప్రశ్నకీ జవాబున్న మనిషి తన ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

బ్యాగులో ఫోను మోగింది. తారాదేవి. అక్కడ పడుకునే వేళ దాటిపోయి ఉంటుంది. కబురు కోసం మేలుకుని కూర్చున్నట్టుంది.

అక్క దగ్గర్నుంచి ఫోనొస్తే ముందు మాట్లాడేది ఎప్పుడూ సుధాకరరావే. అక్కడి ఎన్నికలూ, కోర్టులూ, ప్రభుత్వం ఆగడాలూ అన్నీ ఏకరువు పెట్టాక, చివర్లో ఏమైనా మిగిలితే అక్కాచెల్లెళ్లకి.

అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు.

"ఇటివ్వు, నేను చెప్తాను. నీవల్ల కాదు."

అరుంధతి ఇవ్వలేదు.

"వద్దండీ," అంది. "మా అక్కకి నేను చెప్పుకుంటాను."