శ్రద్ధ పట్టీ

పరీక్షలు ఎత్తేసి, కాలేజీ పిల్లల నుదుటికి పట్టీలు కట్టే రోజులవి. పట్టీలో ఎంత శ్రద్ధ కనబడితే అన్ని మార్కులు. రెండు సెమిస్టర్లు తప్పి ప్రొబేషన్లో పడ్డ హిమజకి, ఈ నెల కూడా తగ్గితే ఇంజినీరింగ్ సీటు పోతుంది.

"నా పట్టీ నువ్వు కట్టుకో తాతా, నీ పని నువ్వు చేసుకో," అని నేతపని చేసే తాత గురవయ్యని బతిమాలింది.

గురవయ్య నెలంతా పట్టీతోనే మగ్గం గుంటలో కూర్చుని జరీ అంచు నేశాడు.

నెలాఖరున పట్టీ పలికింది: "హిమజా, శ్రద్ధ తొంభై తొమ్మిది. ప్రొబేషన్ తీసేశాం. నీ మనసంతా నేతలోనే ఉంది కనుక నేత శాఖకి మార్చాం. రేపొచ్చి గజం బట్ట నేసి చూపించు."

గురవయ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇంతకీ సీటు ఉన్నట్టా, పోయినట్టా తల్లీ?"

"నాకూ తెలీట్లేదు. కాస్త జరుగు తాతా," అంటూ హిమజ గుంటలోకి దిగింది. "తెగిన పోగు ముడెయ్యడం ఎలాగో ముందు అది చెప్పు."