పూలచొక్కా మనిషి

మొక్కజొన్న చేలోంచి గుర్రాన్ని నడిపించుకుంటూ వస్తున్న మనిషిని చూడగానే ఓర్ఫా తుపాకీ అందుకుంది.

గుర్రం కుంటుతోంది. మనిషికి ఇరవై ఏళ్లు దాటి ఉండవు. నడుము దిగిన వదులు చొక్కా, గుండెల మీద కుట్టిన ఎర్రపూలు, గుప్పెళ్లకొద్దీ తూటాలు పట్టే జేబులు.

ఆ చొక్కా ఎవరిదో మిస్సోరీలో పసిపిల్లను అడిగినా చెబుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాల తరఫున అడవులు పట్టి తిరిగే గుర్రపుమూకది. ఇళ్లలో ఆడవాళ్లు ముచ్చటపడి పూలు కుట్టి పంపుతారు. వీళ్లు అవి తొడుక్కుని ఊళ్లు తగలబెడతారు.

పోయిన నెల మిల్లు యజమానిని గుమ్మంలోనే కాల్చేసిందీ ఈ పూలచొక్కాలే.

“అక్కడే ఆగు!”

అతను చేతులు పైకెత్తాడు.

“కాల్చకు అక్కా. ఎనోస్ ఇంట్లో ఉన్నాడా?”

“లేడు. సైన్యంలో ఉన్నాడు.”

“జ్వరమొచ్చి సెలవు మీద వచ్చాడని వాళ్లకి తెలిసిపోయింది. ఇప్పుడే వాగు దాటించెయ్. నీలికోట్లు వేసుకుని వస్తున్నారు.”

“నీలికోట్లంటే ప్రభుత్వ సైన్యం. మావాళ్లు. భయపడాల్సింది నువ్వు.”

“కోట్లు మీవే అక్కా. మనుషులు మీవాళ్లు కాదు. చచ్చినవాళ్ల ఒంటి మీంచి ఊడదీసుకున్నారు.”

“నువ్వు చెబితే నమ్మేయాలా? అసలెవరు నువ్వు?”

అతను నోరు తెరవబోయి ఆగాడు.

“అది చెబితే అసలే నమ్మవు.”

దుప్పటి కప్పుకుని ఓర్ఫా మొగుడు ఎనోస్ గడప దాకా వచ్చాడు. పూలు చూడగానే అతని ముఖం బిగుసుకుంది.

“నేను వాగు దగ్గరికి పోవాలి, అక్కడ నీ మూక కాచుకుని ఉండాలి. అంతేగా అబ్బాయ్? పాత ఎత్తు.”

అతను నడుముకున్న రెండు పిస్తోళ్లూ తీసి నేల మీద పడేశాడు.

“నన్ను కట్టేసుకో అన్నా. కొట్టుకో. నువ్వు మాత్రం వెళ్లిపో. టైము లేదు.”

ఓర్ఫా చేతిలో తుపాకీ కొంచెం దిగింది.

“పోనీ, ఒక్క గంట ఎటైనా...”

“పిచ్చిదానా, వాడి ఒంటి మీదేముందో చూడు” అన్నాడు ఎనోస్.

మొక్కజొన్న కొట్లోకి తోసి గడియ పెట్టారు. అతను తిరగబడలేదు.

అరగంట గడిచిందో లేదో, బాట మీద దుమ్ము లేచింది.

పదకొండు గుర్రాలు. పదకొండు నీలికోట్లు.

ఓర్ఫాకు ప్రాణం లేచొచ్చింది. చల్లకుండ ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది.

“దేవుడు పంపినట్టే వచ్చారు బాబూ!”

కెప్టెన్ మర్యాదగా టోపీ తీసి, లోటా అందుకున్నాడు.

“పూలచొక్కా వాణ్నొకణ్ని పట్టుకున్నాం. కొట్లో ఉన్నాడు” అంది ఓర్ఫా.

లోటా పెదాల దగ్గరే ఆగింది.

“ఏమంటాడు వాడు?”

“వచ్చేవాళ్లు మీవాళ్లు కాదు, కోట్లే మీవి అంటాడు!” ఓర్ఫా నవ్వింది.

నవ్వింది ఆమె ఒక్కతే.

అప్పటికే ఎనోస్ తన నీలికోటు తొడుక్కుని మెట్ల మీదికి వచ్చాడు. జ్వరంతోనే నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు. పేరు చెప్పాడు, పటాలం చెప్పాడు.

కెప్టెన్ తల ఊపాడు.

పక్కనున్న రౌతు పిస్తోలు కోసం కోటు వెనక్కి తోశాడు. కోటు కింద గోధుమరంగు చొక్కా. దాని మీద పసుప్పచ్చ పూలు.

ఓర్ఫా కేక గొంతు దాటేలోగా ఎనోస్ మెట్ల మీద కూలిపోయాడు.

ఆమె అతని తల ఒళ్లోకి తీసుకుంది. పిలిచింది. కుదిపింది. పలకలేదు.

కెప్టెన్ ఒక్కడే కొట్టు వైపు నడిచాడు.

గడియ తీసిన చప్పుడు. చాలాసేపు ఏవో మాటలు. ఒకసారి ఏడుపులాంటిది వినబడింది. అది ఇద్దరిలో ఎవరిదో తెలియలేదు.

తర్వాత ఒకే ఒక్క తుపాకీ దెబ్బ.

కెప్టెన్ తిరిగొచ్చి గుర్రమెక్కబోయాడు. రెండుసార్లు కాలు రికాబులో పడలేదు.

నెరిసిన గడ్డం రౌతు ఒకడు ఆ గుర్రం కళ్లెం పట్టుకుని మెల్లగా అడిగాడు.

“మీ అమ్మ అడిగితే, తమ్ముణ్ని ఎవరు చంపారని చెబుతావు కెప్టెన్?”