గొంతు ఆగిన చోటు

చెవిని ఎర్రటి గచ్చుకు ఆనించి, బోర్లా పడుకుని, ఆరేళ్ళ హైమావతి కూనిరాగం తీస్తోంది.

బయట కర్మాగారం సైరన్ మోగింది. షిఫ్టుకు వెళ్ళే సైకిళ్ళు క్వార్టర్ల ముందునుంచి బారుగా సాగిపోయాయి. పిల్ల కదల్లేదు.

ఫిడేలు సాధన చేసుకుంటున్న కమలాకుమారి కమాను ఆపింది.

"ఎవరు నేర్పారే ఇది?"

"ఎవరూ నేర్పలేదమ్మా. కింద పాడుతున్నారు."

గుమ్మంలో పాలు పోస్తున్న నర్సింహమ్మ చెయ్యి ఒంపిన చెంబుతో అలాగే ఉండిపోయింది. గిన్నె నిండి పాలు మెట్ల మీదుగా కారాయి.

"ఏమైంది నర్సింహమ్మా?"

"ఏం లేదమ్మ."

చెంబు తీసుకుని, వెనక్కి చూడకుండా ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

అప్పటికి పటాన్‌చెరు దగ్గర ఆ కాలనీ కొత్త. గోడల సున్నం వాసన ఇంకా పోలేదు. రాజమండ్రిలో పెళ్ళిళ్ళకు క్లారినెట్ వాయించిన వీర్రాజు, ఫిట్టరు ఉద్యోగం దొరికి పెళ్ళాం పిల్లతో వచ్చాడు.

ఆ ఇంట్లో పొద్దున్న ఫిడేలు, సాయంత్రం క్లారినెట్. ఇద్దరూ కూర్చుని పిల్ల రాగం ఏమిటో పట్టుకోవాలని చూశారు.

ఏ రాగానికీ అందలేదు. స్వరానికీ స్వరానికీ నడుమ ఎక్కడో జారుతోంది.

పైగా, ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతోంది. పొలమారినట్టు.

"అదంతా అపస్వరమే. మానిపించండి," అంది కమలాకుమారి.

హైమావతికి పద్నాలుగేళ్ళప్పుడు వీర్రాజు పాత రేడియో కొన్నాడు. ముల్లు తిప్పుతుంటే ఎక్కడో దూరదేశం నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. జాజ్ పాట. అందులోనూ స్వరాలు అలాగే జారుతున్నాయి.

హైమావతి రేడియో ముందునుంచి లేవలేదు.

"నాన్నా, వీళ్ళకీ కిందినుంచి వినపడుతుందేమో!"

వీర్రాజుకు నవ్వొచ్చింది. నవ్వబోయి కూతురి మొహం చూసి మానేశాడు.

ఆ పాటలే ఆమెను సికింద్రాబాదు హోటలు దాకా తీసుకెళ్ళాయి. ప్యానో వాయించే లెస్లీ జట్టులో పాడేది. ఫిట్టరు కూతురు ఇంగ్లీషు పాట పాడుతుంటే తింటున్నవాళ్ళు ఫోర్కులు దించేవాళ్ళు.

చివర్లో, మాటల్లేని ఆ రాగం పాడేది. ఆగిపోయే చోటు రాగానే డ్రమ్ము అందుకునేది.

డెబ్బయ్యెనిమిదిలో బొంబాయి కంపెనీ పిలిచింది. ఆమె మొదటి లాంగ్‌ప్లే రికార్డు.

"ఆ రాగం లేకపోతే మనకు వేరే గుర్తింపేముంది?" అన్నాడు లెస్లీ. "కానీ సగం పాట రికార్డు వెయ్యరు. ఎలాగోలా ముగించు."

"నాకు రాదు లెస్లీ. అంతవరకే వచ్చు."

అయినా మైకు ముందు నిలబడింది. కళ్ళు మూసుకుంది.

ఆగే చోటు వచ్చింది. గుటక పడింది.

పాట ఆగలేదు.

లెస్లీ వేళ్ళు వెతుక్కుంటూ వెంట నడిచాయి. డ్రమ్ములతను పుల్లలు ఒళ్ళో పెట్టేసుకున్నాడు. రాగం లోతుల్లోంచి మెల్లగా ఎక్కి, ఎక్కి, వెలుతురులోకి వచ్చి నిలిచింది.

టేపు తిప్పి వినిపించారు. గొంతు తనదే. కానీ పాడిన గుర్తు లేదు. హైమావతి మళ్ళీ తిప్పమంది.

"స్వరకర్త పేరు చెప్పండి, అట్ట మీద వెయ్యాలి," అన్నారు కంపెనీవాళ్ళు.

నమూనా రికార్డు పట్టుకుని ఇంటికొచ్చింది. పాలు ఒలికిన ఆ రోజు గురించి తల్లి ఎన్నోసార్లు చెప్పగా విన్నది. నర్సింహమ్మను పిలిపించింది.

మధ్యాహ్నపు ఎండలో ముసలామె మెట్టు మీద కూర్చుంది. హైమావతి రికార్డు ప్లేయరు గుమ్మంలో పెట్టి ముల్లు దించింది.

నర్సింహమ్మ తల వంచుకుని విన్నది. ఆగే చోటు దగ్గరపడుతుంటే కొంగు నోట్లో కుక్కుకుంది.

పాట ఆ చోటు దాటింది.

ఆమె తల ఎత్తింది. చివరిదాకా రెప్ప వెయ్యలేదు.

"గిది మా చెల్లె పాట," అంది, ముల్లు గరగరలాడుతుంటే. "మీ కోటర్ల కిందనే మా బాయి ఉండె. నీళ్ళు చేదుకుంట పాడుతుండె. నేను పొలం ఒడ్డుమీద ఉన్న. నడుమల గొంతు ఆగింది. ఉరికొచ్చి సూస్తే ఉత్త నీళ్ళే."

"తరవాత?"

"ఎంత దేవినా దొరకలే. కంపెనీ అచ్చినంక బాయి పూడ్సిండ్రు. నా చెల్లె అండ్లనే ఉన్నదని మొత్తుకున్న. ఎవడు ఇన్నడు?"

కమలాకుమారి కాళ్ళ కింది గచ్చు వైపు చూసింది.

"ఇన్నొద్దులు కింద ఉన్నది బిడ్డ," అంది నర్సింహమ్మ. "ఇగ పైకొచ్చింది."

హైమావతి రికార్డు మీంచి ముల్లు ఎత్తింది.

"ఆమె పేరు చెప్పు నర్సింహమ్మా. రికార్డు మీద వేయిస్తాను. అందరూ చదువుతారు."

ముసలామె ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వద్దు బిడ్డ. అందరితోని పేరు వెట్టి పిలిపియ్యకు, పిలిస్తే పోయినోళ్ళకు నిమ్మలం ఉండది. పాట కాడ్నే ఉండనీ."

రికార్డు వచ్చింది. అట్ట మీద హైమావతి బొమ్మ, పాటల పేర్లు, పక్కన బాణీ కట్టినవాళ్ళ పేర్లు. ఆఖరి పాట పక్కన ఏమీ లేదు.

హోటల్లో జనం ఆ పాటే అడిగేవాళ్ళు. లెస్లీ ప్యానో మీద మొదటి స్వరం నొక్కేవాడు.

పాడే ముందు హైమావతి మైకు దగ్గర ఇంకొకరు పట్టేంత పక్కకు జరిగి నిలబడేది.