సాలీడు కట్టిన రెండో ఆట

మల్లెపందిరి కింద సాలీడు చిక్కుదారుల ఆటకు రెండో భాగం కట్టింది. ఆటల మంచిచెడ్డలు చెప్పే తూనీగ ముందుగా వెళ్ళి, దేవుడి దయవల్ల చిరిగిన రెక్కతో బయటపడింది. "వెళ్ళకండమ్మా, అది ఆట కాదు, ఉచ్చు" అంది.

ఈగలు భగ్గుమన్నాయి. "ఆడటం చేతగాక ఏడుస్తోంది! మొదటి భాగం ఆడినవాళ్ళు ఒక్కరైనా వంక పెట్టారా?" అంది పెద్ద ఈగ.

"పెట్టలేదు వదినా. అసలు మళ్ళీ కనబడనే లేదు" అంది చిన్న ఈగ.

"చూశావా, అంతగా లీనమైపోయారు!"

తూనీగ నోరు మూయించాలని ఈగలన్నీ బిలబిలమంటూ లోపలికి వెళ్ళాయి. చిన్న ఈగ మాత్రం బయటే ఆగి, పొద్దువాలాక పిలిచింది: "ఎలా ఉంది వదినా?"

సాలీడు మూతి తుడుచుకుంటూ తొంగిచూసింది. "ఒక్కరూ వంక పెట్టలేదమ్మా. మూడో భాగం మొదలుపెడుతున్నాను."