లక్క నింపిన మొద్దు

"నన్నెట్ల నూకుతడు కాకా! నా మిషన్ కాడ నన్నే నూకేసిండు!"

చెక్కపొట్టులోంచి లేస్తూ అరిచాడు దయాకర్.

షెడ్డు యజమాని రాజయ్య వినిపించుకోలేదు. "కరెంట్ బంద్ చెయ్యిర్రి!"

నాచారంలో చెక్కను తిప్పుతూ చెక్కే ఆ లేత్ షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. తిరుగుతూనే పగిలిన చెక్క గిన్నె ముక్కలు గోడదాకా ఎగిరిపడ్డాయి. స్వీడన్ నుంచి వచ్చిన యోనాస్ కుడి మణికట్టు పట్టుకుని కూలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం.

షెడ్డు కుర్రాడు తేజేష్ అతన్ని ఆటో ఎక్కించి ఉప్పల్ దవాఖానాకు తీసుకుపోయాడు.

అయినా తనను తోసిన యోనాస్ మీద దయాకర్ కోపం దిగలేదు.

దేశదేశాల్లో తనలాంటి లేత్ పనివాళ్లను వెతుక్కుంటూ, తెలిసింది నేర్పుతూ తిరిగే మనిషట యోనాస్. వచ్చిన రోజు నుంచీ షెడ్డంతా అతని చుట్టూనే. మంచం కోళ్లు తప్ప మరొకటి ఎరగని చోట పలచటి గిన్నెలు తొలిచి చూపించాడు. జనం వచ్చి వీడియోలు తీసుకున్నారు. రాజయ్య స్వయంగా చాయ్ అందించాడు.

మీసాలు రాకముందు నుంచీ ఇక్కడే ఉలి పట్టిన దయాకర్ వైపు ఒక్క ఫోనూ తిరగలేదు. రాజయ్య తర్వాత ఈ షెడ్డుకు పెద్ద తానే అనుకున్నాడు. ఆ నమ్మకం కదిలిపోయింది.

రాజయ్య ఓ ముక్క ఎత్తి వెలుగులో చూశాడు.

"లక్క! పగుళ్లల్ల లక్క, పొట్టు కలిపి నింపిన్రు."

"మంచం కోళ్లకు గట్లనే నింపుతం గద నాయినా," అంది కూతురు గౌతమి. యోనాస్ ఇంగ్లీషును అందరికీ తెలుగులో చెప్పేది ఆమే.

"కోడుకైతే నడుస్తది. లోపల తొలిసే గిన్నెకు నింపితె పానం తీస్తది. నల్లకట్టెల నల్లలక్క, తెలవనోనికి కనవడనే కనవడదు. ఎవడ్రా నింపింది?"



దయాకర్ ఆ నల్లతుమ్మ మొద్దును అప్పుడు గుర్తుపట్టాడు.

"ఇది... యోనాస్ మిషన్ కాడ ఉండె గద. నా మిషన్ మీదికెట్ల వచ్చింది?"

"నువ్వు చాయ్‌కు పోయినప్పుడు ఆయనే గిన్నె కోసం గుండ్రంగ సాఫ్ చేసి బిగించిండన్నా. ఉన్నవాట్ల గిదే మంచి కట్టె, మంచి చేతికే పోవాలె అన్నడు," అంది గౌతమి.

"మరి నన్ను నూకుడేంది?"

"నీ ముఖం ముంగట అది విచ్చుకుంటుంటే సూసిండు. నిన్ను నూకి, చెయ్యి అడ్డం పెట్టిండు."

గౌతమి ఫోన్ మోగింది. తేజేష్. ఫోన్ యోనాస్ చేతికి మారినట్టుంది, ఆమె ఇంగ్లీషులోకి దిగింది. వింటూ వింటూ గోడకు ఆనుకుంది.

"మణికట్టు బొక్క నుజ్జయిందట నాయినా. ఇంక ఉలి పట్టుడు కష్టమేనట."

"అయ్యో! ఇంకేమన్నడు?"

"దయాకరన్న కండ్లకేం కాలేదు గద అని అడిగిండు. ఎక్కడనో ఒకరింట్ల అన్న చేసిన మంచం కోడు సూసిండట. ఆ పనితనం నేర్చుకుందామనే వచ్చిండట. తన దగ్గరున్నది ముందు ఇచ్చినంకనే ఎదుటోళ్లను అడుగుతడట. రేపు అడుగుదామనుకున్నడట."

రాజయ్య ముక్కను పిడికిట్లో బిగించాడు. "నాకు లక్క నింపినోని పేరు గావాలె. ఎవడు?"

దయాకర్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నన్ను గురువనుకోని వచ్చినోని చెయ్యి విరగ్గొట్టింది... దయాకర్, కాకా."