ఇంకా చిన్నదే

"కాళ్ళు ఊపకు" అన్నాడు మీమూన్.

తూదా ఆపింది. కోర్టు వరండాలో బెంచీ ఎత్తు. చెప్పులు నేలకు ఆనడం లేదు. తెల్లవారకముందే కొండ దిగి, నాలుగు గంటలు నడిచి మిదెల్త్ పట్నం చేరారు. అర్జీ వేసింది కూతురు. అది తండ్రి మీదే. అయినా కలిసే నడిచి వచ్చారు, ఒకే రొట్టె విరుచుకు తిన్నారు.

బెంచీకి అవతలి కొసన హద్దా కూర్చుని ఉంది. మీమూన్ చనిపోయిన భార్యకు చెల్లెలు. పెళ్ళై సముద్రపొడ్డున సఫీకి వెళ్ళి ఇరవై ఏళ్ళు. మళ్ళీ కొండ మొహం చూసింది అక్క చనిపోయాకే.

"ఇప్పటికైనా సంతకం పెట్టు బావా. జడ్జి ముందు పరువెందుకు తీసుకుంటావు?"

"పెట్టను."

"చేపల ఫ్యాక్టరీ అంటే జైలనుకున్నావా? పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్నా. నన్నేమైనా తినేశారా?"

"నీ కుడి చెయ్యి చూపించు."

హద్దా చెయ్యి ముసుగులోకి లాక్కుంది. ఆ చేతికి రెండు వేళ్ళ కొసలు లేవు.

"అది నా అజాగ్రత్త" అంది.

పద్దెనిమిది నిండని పిల్లను తండ్రి సంతకం లేకుండా ఫ్యాక్టరీవాళ్ళు తీసుకోరు. తండ్రి పెట్టనన్నాడు. పదహారు నిండితే, పిల్లకు బుద్ధి కుదిరిందని తోస్తే, జడ్జి పెద్దదానిగా ప్రకటించవచ్చునని హద్దా ఎక్కడో విని వచ్చింది. బజారులో అర్జీలు రాసే అతని చేత రాయించింది. జడ్జి ఔనంటే ఇక తూదా మీద మీమూన్ మాట చెల్లదు. సాయంత్రం బస్సుకే ప్రయాణం.

పిలుపు వచ్చేసరికి తూదా తండ్రి భుజం మీద పడి నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు. లేపాడు.

జడ్జి ఆడమనిషి. తీరం వైపు నుంచి బదిలీపై వచ్చింది. ముందున్న పుదీనా టీ చల్లారిపోయింది.

"ఇంట్లో ఏం పని చేస్తావమ్మా?"

"రొట్టె కాలుస్తా. గొర్రెల పాలు పితుకుతా. మగ్గం మీద కంబళి వేస్తా. కట్టెలు తెస్తా."

"బడి?"

"అమ్మ పోయిందిగా" అంది తూదా, అంతే జవాబన్నట్టు.

"ఫ్యాక్టరీకి ఎందుకు వెళ్ళాలని?"

"అక్కడ చలి ఉండదట. పని అయిపోయాక పడుకోవచ్చట."

గుమాస్తా నవ్వాడు. జడ్జి నవ్వలేదు. మీమూన్ తల వంచుకున్నాడు. ఇంట్లో చివరగా పడుకునేది, ముందుగా లేచేది ఈ పిల్లేనని అతనికి తెలియక కాదు.

"మీరెందుకు వద్దంటున్నారు?"

"చిన్నదండీ."

"పదహారు నిండాయి కదా. నిన్న ఇదే గదిలో ఒకాయన పదహారేళ్ళ కూతురికి పెళ్ళి చేస్తా, అనుమతివ్వమన్నాడు. మీకేమో పనిలోకి పంపడానికే చిన్నదా?"

"చూడండమ్మా, ఎంతుందో."

"కొండ పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు. రోజూ చూస్తున్నాను. ఎత్తు కొలిచి తీర్పు చెప్పమంటారా?"

"అది కాదండీ. ఇంకా చిన్నదే."

"వెళ్ళిపోతే ఇంటి చాకిరీ ఎవరు చేస్తారని కదూ మీ బాధ?"

వెనక హద్దా "అదే, అదే" అని గొణిగింది.

"ఇంకేదైనా కారణముంటే చెప్పండి, వింటాను" అంది జడ్జి, కాస్త మెత్తబడి.

గుమాస్తా పుట్టుకలు, చావులు రాసే కుటుంబ పుస్తకం తెరిచాడు. "అక్టోబరు తొమ్మిది. పుట్టిన తేదీ సరిగ్గానే ఉందా పెద్దాయనా?"

ఒక మాట గొంతు దాకా వచ్చింది. తలుపు దగ్గర పోలీసు ఆవులిస్తున్నాడు. అతని నడుముకు బేడీలు వేలాడుతున్నాయి. తూదా పుస్తకంలో తన పేరున్న పుట కేసి మెడ చాచి చూస్తోంది.

"పుస్తకంలో ఉందిగా" అన్నాడు మీమూన్.

జడ్జి సంతకం పెట్టింది. గుమాస్తా ముద్ర కొట్టాడు. తర్వాతివాళ్ళను పిలిచారు.

బస్సు దగ్గర తూదా తండ్రి చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది.

"కోపమా నాన్నా?"

"లేదు."

"మరి అంతమందిలో చిన్నది చిన్నది అన్నావు. నాకెంత సిగ్గేసిందో."

మీమూన్ ఒంటి మీది ఉన్ని అంగీ విప్పి ఆమె మీద వేశాడు. అది పాదాల దాకా జారింది.

"అక్కడ చలి ఉండదు నాన్నా."

"బస్సులో ఉంటుంది." అంగీ అంచు పైకి మడుస్తూ అన్నాడు. "కత్తి పట్టేటప్పుడు బొటనవేలు లోపలికి ముడుచుకో. నిద్రొస్తే కత్తి పక్కన పెట్టెయ్. ఎవరేమన్నా సరే."

"నేనిప్పుడు పెద్దదాన్ని."

"అవునమ్మా."

హద్దా కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఈసారి మంచి చెయ్యి. "కన్నబిడ్డలా చూసుకుంటా బావా!" అని అరిచింది. నిజమే అంది. చూసుకుంటుంది కూడా.

వట్టి చొక్కాతో కొండ ఎక్కాడు. ఎక్కడా ఆగలేదు. ఊరి ముందు గోరీల దిబ్బ దగ్గర మాత్రం కాళ్ళు ఆగిపోయాయి. మూరెడు ఎడంగా నాటిన రెండు చిన్న రాళ్ళ పక్కన కూలబడ్డాడు. బిడ్డ పోయిన ఆ చలికాలం మంచు దారి మూసేసింది. చావు రాయించడానికి మళ్ళీ కొండ దిగడం ఎందుకులెమ్మని ఊరుకున్నాడు.

"తూదా" అని పిలిచాడు రాళ్ళ కేసి చూస్తూ. "ఇవాళ కోర్టులో నిన్ను పెద్దదాన్ని చేశారమ్మా."

బస్సెక్కి వెళ్ళింది దాని పేరుతో, దాని కాగితాల మీద పెరిగిన చెల్లెలు, పదమూడేళ్ళది.